పిల్లమొక్కలు: సున్నా

అడవిలో తాళ్లు కట్టి మొక్కలు లెక్కపెట్టే పనికి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఖమ్మంలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో చేసిన పెద్ద పని ఏంది?" అని అడుగుతారు. నేను రిటైరై రెండేళ్లు కావస్తోంది. ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో చెప్పుకోదగ్గ గొప్పలు ఎంత వెతికినా పెద్దగా దొరకవు. తప్పు మాత్రం ఒకటి ఉంది, అది బాగా పెద్దది. దాన్ని నేనే పట్టుకున్నానని చెప్పుకోవాలని ఉంటుంది కానీ అదీ నిజం కాదు. పట్టుకున్నది బడి ముఖం చూడని ఒక కోయ ఆడమనిషి. ఆ సంగతి మీకోసం రాస్తున్నాను.

మాది చిన్న పరిశోధన కార్యాలయం. రెండు గదులు, ఒక జీపు, ఒక బీరువా నిండా ఎండిన మొక్కలు అతికించిన అట్టలు. ఏ మొక్క ఎక్కడ బతుకుతోంది, ఎన్ని ఉన్నాయి, వాటికి పిల్లలు పుడుతున్నాయా లేదా అని చూసి రాయడమే మా పని. మా అమ్మ మిషన్ దవాఖానాలో ఆయాగా చేసేది. నా ఉద్యోగం ఏమిటో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు. ప్రార్థనకు వచ్చిన వాళ్లు అడిగితే, "మా బిడ్డ అడివిల జనాభా లెక్కలు రాస్తది" అని చెప్పేది. అంతకంటే సూటిగా నేనూ చెప్పలేను.

ఆ ఏడాది మాకు తపసి చెట్ల పని అప్పగించారు. ఏన్కూరు దాటి భద్రాచలం వైపు పోయే అడవిలో, రాతి గుట్టల మీద తపసి చెట్లుంటాయి. తెల్లటి మాను, కాగితంలా పొరలు పొరలుగా లేచే బెరడు. ఎండాకాలం ఒక్క ఆకు ఉండదు. మానుకు గాటు పెడితే జిగురు ఊరుతుంది. మందుల తయారీకి అది కావాలి గనక గిరాకీ ఉంది. ఆ చుట్టుపక్కల కోయ కుటుంబాలకు ఎండాకాలం బతుకుతెరువంటే అదే. కొన్నేళ్లుగా జిగురు తగ్గుతోందనీ, చెట్లు చచ్చిపోతున్నాయనీ పైఆఫీసుకు మాట వెళ్లింది. అక్కడ జిగురు తీయడం కొన్నేళ్లపాటు ఆపాలా, వద్దా? మా రిపోర్టు చూసి తేలుస్తామన్నారు.

మా పెద్దసారుది కల్లూరు వైపు. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. ఎండాకాలం ఆఫీసుకు బుట్టలతో మామిడిపండ్లు తెచ్చేవారు, పండు కోసిచ్చినంత ప్రేమగానే రిపోర్టులో తప్పుల కింద ఎర్రగీతలు గీసేవారు. ఫీల్డు పని నాకు అప్పజెప్పారు. నాతోపాటు మా ఫీల్డ్ అసిస్టెంటు. కారేపల్లి మనిషి, నాకంటే ఏడాది పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడం అనేవాడు. ఇరవై ఏళ్లు నేను రాసిన ప్రతి లెక్కకూ తాడు కట్టింది ఆయనే.

పని పద్ధతి కొంచెం చెప్పాలి, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. అడవిలో మొక్కలన్నీ లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి నాలుగు మెతుకులు పట్టి చూసినట్టే ఇది. మ్యాపు మీద గళ్లు గీస్తాం. ఏ గడి చూడాలో మన ఇష్టం కాదు, చీటీలు తీసినట్టు కంప్యూటర్ అంకెలిస్తుంది. ఆ అంకె ఎక్కడ పడితే అక్కడికి పోయి, తాడుతో పది మీటర్ల చదరం కట్టి, లోపలున్న పెద్ద చెట్లు, నడిమి చెట్లు, పిల్లమొక్కలు వేరువేరుగా రాస్తాం. మెతుకులన్నీ ఒకే పక్కన తీస్తే కుండ అడుగున మాడిన సంగతి తెలియదు గదా, అందుకే ఆ చీటీలు.

మార్చి నెల. కంప్యూటరిచ్చిన స్థలాల్లో సగానికి పైగా గుట్ట మీద పడ్డాయి. జీపు వాగు దగ్గర ఆగిపోయేది. అక్కడినుంచి గుట్టెక్కాలంటే ముళ్లపొదలు, కాలే బండలు, జారే గులకరాళ్లు. నాకు అప్పటికే మోకాళ్ల నొప్పి మొదలైంది. మొదటిరోజు పొద్దున సగం ఎక్కి ఒక బండమీద కూలబడ్డాను. కింద బాట పక్కన చదునుగా అడవి కనిపిస్తోంది. అక్కడా తపసి చెట్లున్నాయి. తెల్లగా నిలబడి రమ్మని పిలిచినట్టే ఉన్నాయి.

"అన్నా, ఈ పాయింటు కిందికి జరుపుదాం" అన్నాను.

ఆయన తాడు చుట్ట భుజం మీద నుంచి దించలేదు. "గుట్ట మీదివి వదిలేస్తున్నమా మేడం?"

"వదలట్లేదు. పక్కకు జరుపుతున్నాం. అదే అడవి, అదే చెట్టు."

"పైన జూడొద్దా మరి?"

"రూల్లో ఉందన్నా. చేరలేని చోటు పడితే దగ్గర్లో చేరగలిగిన చోటికి మార్చుకోవచ్చు."

రూల్లో ఉన్నమాట నిజమే. కొండచరియకో మడుగుకో పెట్టిన రూలు అది, నా మోకాళ్లకు పెట్టింది కాదు. నేను పుస్తకంలో "చేరలేని చోటు, మార్చాము" అని రాశాను. రెండోరోజు అలాగే రాశాను. మూడోరోజు గుట్టవైపు చూడకుండానే రాశాను. ఆ రోజుల్లో మేం కింద తాళ్లు కడుతుంటే పైనుంచి జిగురు తీసే ఆడవాళ్ల మాటలు, నవ్వులు వినపడేవి. చేరలేని చోటు అని నేను రాస్తున్న చోట వాళ్లు పొద్దునకల్లా ఉండేవాళ్లు. ఆ రెండిటినీ కలిపి ఆలోచించాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

లెక్క మాత్రం చాలా చక్కగా వచ్చింది. పెద్ద చెట్లు ఉన్నాయి, వాటి మానుల మీద లోతైన గొడ్డలి గాట్లున్నాయి, కొన్ని సగం ఎండిపోయాయి. పిల్లమొక్కల గడిలో సున్నా. తర్వాతి పేజీలో సున్నా. ఆ తర్వాత కూడా సున్నాయే. ముసలి చెట్లు పోతున్నాయి, పిల్లలు పుట్టడం లేదు. ఇంత తేటగా జవాబు దొరకడం మా పనిలో అరుదు. నాకు గర్వంగా కూడా అనిపించింది. పెద్దసారు సున్నాల వరుస చూసి, "ఇంక సందేహం ఏముందమ్మా, ఆపాల్సిందే" అన్నారు. అయిదేళ్లపాటు ఆ అడవిలో జిగురు తీయడం పూర్తిగా ఆపాలని రాశాం. సారు సంతకం చేశారు. జూన్ రెండో వారంలో రిపోర్టు హైదరాబాదుకు పోయింది.

అది పోయిన మూడో రోజు నేను, అన్న ఆ గుట్ట కిందున్న కోయల ఊరికి వెళ్లాం. జిగురు మీద ఆధారపడ్డ కుటుంబాలెన్నో రాసి విడిగా ఒక కాగితం పంపాలి, అంతే పని. బడి వరండాలో పది పన్నెండుమంది ఆడవాళ్లు, కొందరు మగవాళ్లు కూర్చున్నారు. అప్పటికి రెండు మంచి వానలు పడ్డాయి. పేర్లు రాసుకున్నాక, చెప్పకుండా పోవడం మర్యాద కాదనిపించి, సంగతి చెప్పాను. చెట్లకు పిల్లలు పుట్టడం లేదు, అందుకని కొన్నేళ్లు చెట్లకు రెస్టు ఇవ్వాలని రాశాం అన్నాను.

వాళ్ల భాషలో వాళ్లు ఏదో మెల్లగా అనుకున్నారు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒకావిడ, అరవై ఏళ్లుంటాయేమో, అరచేతులు నల్లగా పగిలి ఉన్నాయి, నన్ను చూసి తెలుగులో అడిగింది.

"పిల్లలు లేవని ఎవరు జెప్పిండ్రు?"

"మేమే చూసినం పెద్దమ్మా. తాళ్లు కట్టి లెక్కపెట్టినం."

"ఏడ జూసిండ్రు?"

"అడవిల. వాగు దగ్గర్నుంచి..."

"బాట పొంట జూసిండ్రు. మేం పైకెళ్లి జూస్తనే ఉన్నం గదా మిమ్మల్ని." అందులో వెటకారం లేదు. తెలిసిన సంగతే చెబుతోంది. "ఎప్పుడు జూసిండ్రు? ఎండల. ఎండల పెద్ద చెట్టుకే ఆకుండదు, పిల్లకు ఏడికెళ్లి ఉంటది? ఎండు పుల్ల లెక్క ఉంటది. తొక్కినా తెల్వదు."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మా ఇంట్ల పిల్లల్నైనా గంతే మేడం. పొద్దుమాపు బజార్ల దేవులాడితే దొరకరు. ఏడుంటరో ఆడ దేవులాడాలె. మా పొయ్యి ఆర్పేటప్పుడు ఒక్కసారి పైకొచ్చి జూసి ఆర్పున్రి."

నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, మొదట వచ్చింది కోపమే. బాటనీలో పీజీ చేసినదాన్ని, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని. వాళ్లకు బతుకుతెరువు పోతుంది గనక అలాగే అంటారు అనుకుని జీపెక్కాను. దారిలో అన్న ఒక్క మాట మాట్లాడలేదు. "నేను అప్పుడే అన్న గదా" అని ఆయన అనివుంటే దెబ్బలాడేదాన్ని, నా బరువు దిగేది. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

మర్నాడు ఆదివారం. చర్చిలో కూర్చున్నా చెవుల్లో ఆమె మాటే. ఇంటికొచ్చి ఫీల్డు పుస్తకం తీశాను. "చేరలేని చోటు, మార్చాము" ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. మ్యాపు మీద మొదట కంప్యూటరిచ్చిన చోట్లకు ఎర్రచుక్కలు, నేను జరిపిన చోట్లకు నీలిచుక్కలు పెట్టి చూశాను. ఎర్రచుక్కలు అడవంతా పరుచుకున్నాయి. నీలిచుక్కలు బాట పక్కన బారులు తీరి నిలబడ్డాయి, బస్సుకోసం నిలబడ్డ మనుషుల్లా. నేను అడవిని లెక్కపెట్టలేదు, బాటను లెక్కపెట్టాను. ఆ కాగితం మీద మా సారు సంతకం ఉంది, అది హైదరాబాదులో ఎవరో ఒకరి టేబుల్ మీద ఉంది. మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని లేచిపోయాను. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదని ఒక ఆలోచన, అది నాదే, వచ్చి పక్కన కూర్చుంది. దాన్ని వెంటనే తరిమేశానని మాత్రం చెప్పను.

సోమవారం పొద్దున్నే అన్నకు ఫోన్ చేశాను. "గుట్టెక్కాలన్నా. మొదటి పాయింట్లకే పోవాలె."

"తాళ్లు జీపులనే ఉన్నయి మేడం" అన్నాడు. శనివారమే ఎక్కించి పెట్టాడట.

ఊళ్లోకి వెళ్లేసరికి ఆమె పత్తి చేనుకు బయల్దేరుతోంది. మమ్మల్ని చూసి కొడవలి ఇంట్లో పెట్టి వచ్చింది. ముందు ఆమె, వెనక నేను, నా వెనక తాడుతో అన్న. ఆమె ఎక్కిన దారి నేను మార్చిలో చూడనే లేదు. గుట్టకు అవతలి పక్క నుంచి మెట్లుమెట్లుగా ఉన్న బండల మీదుగా పోతుంది. నాలుగుచోట్ల కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఆమె కూడా ఆగి, నావైపు చూడకుండా ఎటో చూస్తూ నిలబడేది. అది మర్యాద అని నాకు తర్వాత తెలిసింది.

మొదటి ఎర్రచుక్క దగ్గర చదరం కట్టాం. నేను మోకాళ్ల మీద పాకుతూ ప్రతి జానెడూ చూశాను. ఏమీ లేదు. రెండోది కట్టాం. ఏమీ లేదు. సిగ్గుపడుతూ ఒక సంగతి చెబుతున్నాను, నాకు అప్పుడు సంతోషం వేసింది. నేను రాసిన సున్నా నిజమేనేమో, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదేమో అని గుండె తేలికపడింది. పది పన్నెండు కుటుంబాల తిండి పోతే పోనీ, నా మాట నిలిస్తే చాలని ఒక్క నిమిషం మనసారా కోరుకున్నాను. మనిషి ఎంతదూరం పోగలడో ఆ బండ మీద కూర్చుని తెలుసుకున్నాను.

అదే ఊపులో కింద రాలి ఉన్న ఒక ఎండు కాయను ఎత్తి చూశాను. తపసి కాయకు నూగుంటుంది, అది దూలగొండిలాగే దురద పుట్టిస్తుంది. పుస్తకంలో ఎన్నోసార్లు రాశాను, చేత్తో పట్టుకోవడం అదే మొదలు. క్షణాల్లో వేళ్లు భగ్గున మండాయి.

ఆమె మొదటిసారి నవ్వింది. "లెక్కలు రాసేటోళ్లకు ఇది తెల్వదా?" బండ గుంటలో నిలిచిన నీళ్లతో తడిమట్టి కలిపి నా వేళ్లకు పూసింది. "గోకకు. ఎండినంక దులుపు." తర్వాత లేచి, "మూడోది ఏడ?" అంది.

జీపీఎస్ చూపించిన మూడోచోటు రెండు పెద్ద బండల మధ్య. అన్న తాడు కట్టడానికి ఒక మూల నిలబడే చోటు లేక బండను కౌగిలించుకుని నిలబడ్డాడు. బండల సందుల్లో పాత ఆకులు కుళ్లి నల్లమట్టి అయింది. ఆమె గొంతుక్కూర్చుని రెండు వేళ్లతో ఆకులు పక్కకు తీసింది.

"గిది."

వేలెడంత ఎత్తుంది. ఎర్రటి కాడ, అయిదు వేళ్లు చాపిన అరచెయ్యి లాంటి ఆకు, ముట్టుకుంటే మఖ్మల్. దాని పక్కన ఒకటి. బండ నెర్రెలో రెండు. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఒకసారి ఆకు ఆకారం కంటికి అలవాటయ్యాక ఎటు చూసినా అవే. ఆ ఒక్క చదరంలోనే ఏడు. కొన్నింటికి నిరుటి ఎండు పుల్ల పక్కనుంచే కొత్త చిగురు లేచింది. ఎండాకాలం పైన చచ్చినట్టు పడి, భూమిలో గడ్డతో బతికి, వానకు మళ్లీ లేచింది.

"దీని గడ్డ చిన్నప్పుడు తవ్వుకొని తినెటోళ్లం" అంది ఆమె. "ఇప్పుడు పిల్లల్ని తిననియ్యం. చెట్టుగావాలె గదా."

అన్న బండ మీద నుంచే అడిగాడు. "ఎన్ని మేడం?"

ఏడు అని వేళ్లతో చూపించాను. ఆయన తల పక్కకు తిప్పుకుని తుండుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటేనని అనుకుందాం.

సాయంత్రం దాకా ఇంకో నాలుగు చదరాలు కట్టాం. బండల సందులున్న చోటల్లా పిల్లలున్నాయి. మేకల మూతి ఆ సందుల్లోకి దూరదు, కిందినుంచి వచ్చే కార్చిచ్చు ఆ రాళ్ల మధ్యకు రాదు. దిగేటప్పుడు బాట పక్కన నా పాత చదరాలు రెండు మళ్లీ చూశాను. వాన పడినా అక్కడ సున్నాయే. అంటే నేను రాసిన సున్నా అబద్ధం కాదు, బాట పక్కన అది నిజమే. దాన్ని అడవి మొత్తానికి అంటగట్టడమే అబద్ధం.

కింద పెద్ద చెట్టు దగ్గర ఆగి, మానులో బెత్తెడు లోతు గాటు చూపించి, "ఇది ఎవరి పని పెద్దమ్మా?" అని అడిగాను. ఆమె దాచలేదు. "బయటోళ్లు కొందరు. మావోళ్లల్ల గూడ ఉన్నరు, తొందరగల్లోళ్లు. లోతు గొడితే జిగురు జల్దీ వస్తది, చెట్టు జల్దీ సస్తది. కింది చెట్లకు రెస్టియ్యున్రి, మేం వద్దనం. పైన గుట్ట మూయకున్రి."

మర్నాడు పెద్దసారు గదిలోకి వెళ్లి మ్యాపు టేబుల్ మీద పరిచాను. మాటలు ముందే బట్టీపట్టి పోయాను, అక్కడ ఒక్కటీ రాలేదు. ఎర్రచుక్కలు, నీలిచుక్కలు చూపించి, "సర్, గుట్ట ఎక్కలేక నేనే జరిపాను. చేరలేని చోట్లు కావవి. తప్పు నాది" అన్నాను.

ఆయన చాలాసేపు మ్యాపు చూశారు. "ఇదేంటమ్మా, రిపోర్టు వెళ్లిపోయింది కదా" అన్నారు మెల్లగా. తర్వాత, "నిన్న ఎన్ని చూశారు?"

చెప్పాను. ఏడు అనే మాట దగ్గర ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"పుస్తకంలో మార్చాము అని ప్రతిచోటా రాశావు. నేను ప్రతి పేజీ చూసి సంతకం పెట్టాను. ఒక్కచోటైనా ఎందుకు మార్చావని అడిగానా?" అన్నారు. "కూర్చో. వెనక్కి అడుగుదాం."

ఉత్తరం ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. "ఫీల్డు సిబ్బంది పొరపాటు వల్ల" అని నేనే కొట్టాను. ఆయన నా భుజం మీదుగా చూసి, "సిబ్బంది తీసెయ్. మా పొరపాటు అని పెట్టు" అన్నారు. మెమో వస్తుందా సర్ అని అడిగాను. "నీకు రాస్తే నాకూ ఒకటి రాసుకోవాలి. నా చేతిరాత నాకే అర్థం కాదు" అన్నారు. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. అవతలి గొంతు తలుపు బయట నిలబడ్డ మాకు కూడా వినపడింది. మా సారు ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని, "అవునండీ. తప్పేనండీ. తప్పని తెలిసింది గనకే వెనక్కి అడుగుతున్నామండీ" అని అదే మాట నాలుగుసార్లు చెప్పారు. చివరికి వానాకాలం అయ్యేలోపు మళ్లీ చూసి పంపమన్నారు. ఆయన ఫోన్ పెట్టేసి, తలుపు వెనక మేమున్నామని తెలిసి, "మీరిద్దరూ ఇంకా గుట్టెక్కలేదా?" అని కేకేశారు.

ఆ వానాకాలమంతా ఎక్కాం. ఎర్రచుక్క ఎక్కడ పడితే అక్కడికి. ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కలుపుతీతలు లేని రోజుల్లో దారి చూపడానికి వచ్చేవాళ్లు. నా మోకాళ్లకు ఆమె ఒక కర్ర కోసిచ్చింది. ఒకే ఒక్క చోటు నిజంగా చేరలేనిది తగిలింది, నిట్టనిలువు బండ. ఆ రోజు పుస్తకంలో "చేరలేకపోయాము" అని రాసి గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ గడికీ సున్నాకూ తేడా ఉందని చదువుకున్నప్పుడు పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. తెలిసింది మాత్రం అప్పుడే.

పిల్లలూ, ఈ పనిలో మీకు ఫోన్లున్నాయి, పైనుంచి ఫొటోలు తీసే డ్రోన్లున్నాయి. మంచిదే. కానీ స్థలం జరపాలనిపించిన ప్రతిసారీ, ఎందుకు జరుపుతున్నారో నిజమైన కారణం రాయండి. "మోకాళ్ల నొప్పి" అని నేను మొదటిరోజే రాసివుంటే సారు ఎర్రగీత గీసేవారు, ఇదంతా జరిగేదే కాదు. పద్ధతిగా ఉన్న మాటల వెనక బద్ధకం చాలా హాయిగా దాక్కుంటుంది.

చలికాలంలో నిర్ణయం వచ్చింది. గుట్ట మీద జిగురు తీసుకోవచ్చు, గాట్లు లోతుగా పెట్టకూడదు, ఒక్కో చెట్టుకు ఏడాది విడిచి ఏడాది. బాట పక్క చెట్లకు మాత్రం కొన్నేళ్లు పూర్తిగా విశ్రాంతి, మేకలు రాకుండా, మంట రాకుండా కాపలా. ఆ కాగితం పట్టుకుని ఊరికి వెళ్లాను. జీపు రిపేరులో ఉంది, బస్సులో పోయి చివరి రెండు మైళ్లు నడిచాను. ఆమె ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తోంది. చదివి వినిపించాను. చెయ్యి ఆపకుండా వింది.

"గుట్ట మూస్తలేరు?"

"మూయట్లేదు."

"అవ్. మంచిగయ్యింది." ఒక మిరపకాయ తీసి తిప్పి చూసి, బాగాలేదని పక్కన పారేసింది. తర్వాత తలెత్తి, "నువ్వే గదా ఆపుమని రాసింది, నువ్వే గదా ఆపొద్దని రాసింది. ఎవరన్న తిట్టిండ్రా?" అని అడిగింది.

"తిట్టిండ్రు. మా సారును."

"ఆయన ఏమన్నడు?"

"తప్పేనండీ అన్నడు."

ఆమె మిరపకాయలు వదిలి లేచింది. "పెద్ద నౌకరున్నోడు గట్ల అంటడా?" అంది ఆశ్చర్యంగా. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నిలబడే తాగేశాను. జూన్ నుంచి నా ఛాతీ మీద కూర్చున్నదేదో ఆ నీళ్లతోపాటు దిగిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఏన్కూరులో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. టికెట్టు తీసుకోవడం గుర్తుంది, ఊరు దాటడం గుర్తులేదు. అన్ని నెలల నిద్ర ఒక్కసారే వచ్చి మీద పడింది. ఎవరో భుజం తట్టి లేపితే కళ్లు తెరిచాను. బస్సంతా ఖాళీ. కండక్టర్ టికెట్ల సంచి చంకలో పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"మేడం, ఖమ్మమొచ్చి శానసేపయింది. లేపుదామంటే మనసు రాలే. గంత మంచిగ పండుకున్నరు."